తలకి నాలుగు వందలు

తలకి నాలుగు వందలు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ టైము కలిసొస్తుంది.

ఏజెన్సీల్లో చేరి జనాన్ని ఉద్యోగాలకి పంపే పనిలో దిగుదామనుకుంటున్న కుర్రాళ్ళు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. కాఫీ తాగుతారు, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతారు, తర్వాత అసలు సంగతికొస్తారు. కమీషన్ మీద బతకొచ్చా, నెలకి ఎంత మిగులుతుంది అని. జీతం లేని పనికి నెల అనేది ఉండదని చెబితే నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

నరసాపురంలో మా షావుకారు గారిది బట్టల కొట్టు. నేను అందులో గుమాస్తాని. డెబ్బైల చివర్లో గల్ఫ్ దేశాలకి మన వైపు నుంచి మనుషులు వెళ్ళడం మొదలయ్యాక, ఎవరో చుట్టం చెప్పగా ఆయన బొంబాయి ఏజెన్సీ ఒకదానికి ఇక్కడి మనిషిగా కుదిరి, కొట్టు మేడ మీద బోర్డు పెట్టించారు. ఆయన బొంబాయి చూడలేదు. నేను విజయవాడ దాటలేదు. మా ఇద్దరి అనుభవంతో విదేశాలకి మనుషుల్ని పంపడం ప్రారంభించాం. నన్ను కొట్లోంచి మేడ మీదకి మార్చినప్పుడు జీతం కింద కొట్లోనే ఉండిపోయింది. పైన కమీషన్ మాత్రమే.

లెక్క ఇదీ. వెళ్ళే మనిషి మాకు రెండు వేల ఎనిమిది వందలు కట్టాలి. అందులో ఎనిమిది వందలు షావుకారు గారివి, మిగతావి బొంబాయికి. నా నాలుగు వందలు బొంబాయి వాళ్ళు తర్వాత పంపుతారు. మనిషి విమానం ఎక్కాలి, ఎక్కి మూడు నెలలు అక్కడ నిలవాలి, అప్పుడు. ఈలోగా తిరిగొస్తే నాకేమీ రాదు. ఇంకో మెలిక ఉంది. వాళ్ళు అడిగినంతమందిని అడిగినట్టు ఇస్తేనే తలకి నాలుగు వందలు. ఒక్కరు తగ్గినా అందరికీ మూడు వందలే. ఈ మెలిక పెట్టినవాడెవడో నాకు తెలియదు గానీ, మనిషి మనసు బాగా ఎరిగినవాడు.

బస్సు చార్జీలు, ఫొటోలు, దరఖాస్తులు రాయించడం, రాయించినవాడికి టిఫిను, ఇవన్నీ నావే. కాలికి బలపం కట్టుకుని తణుకు నుంచి సముద్రం ఒడ్డు దాకా తిరిగేవాణ్ణి. తిరుగుతూ రోజుకి పదిసార్లు ఒక మాట అనేవాణ్ణి: "డబ్బుకి నాదీ పూచీ." అది పలకరింపు లాంటి మాట. ఎవరైనా దాన్ని నిజంగా పట్టుకుంటారని నాకు తోచలేదు.

ఒక వేసవిలో బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. పదకొండు మంది తాపీ మేస్త్రీలు కావాలి, మూడు వారాల్లో వాళ్ళ మనిషి వచ్చి పరీక్ష పెడతాడు. మన ఊళ్ళ మేస్త్రీల్లో కదిలేవాళ్ళని అప్పటికే వేరే ఏజెంట్లు కదిలించేశారు. మిగిలినవాళ్ళు వేసవిలో చేతినిండా పని పెట్టుకుని నా వైపు చూసేవాళ్ళు కూడా కాదు. వారం తిరిగినా నాకు ఒక్క మేస్త్రీ దొరకలేదు.

దొరికినవాళ్ళు చేపల వేటకెళ్ళేవాళ్ళు. అంతకు ముందు ఏడాది తుఫానుకి వాళ్ళ పడవలు చాలా పోయాయి. ఉన్నవాటి మీద పది మంది పడి బతుకుతున్నారు. రేవులో నిలబడి గల్ఫ్ అన్నానో లేదో నా చుట్టూ మూగారు. తాపీ పని అన్నాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నేర్పితే నేర్సుకుంటామండి" అన్నాడు వాళ్ళలో ముప్పై దాటిన ఒకాయన. తక్కువ మాట్లాడే మనిషి. అతనూ, పంతొమ్మిదేళ్ళ అతని బావమరిదీ, ఇంకో తొమ్మిది మంది. సరిగ్గా పదకొండు.

అతని తరఫున డబ్బు తెచ్చింది అతని భార్య. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో తిరిగి అమ్మే మనిషి. వల తీసుకెళ్ళి చేపల వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టి తెచ్చింది. ఆవిడ తమ్ముడి డబ్బు వాళ్ళ నాన్న ఎలాగో తెచ్చుకున్నాడు. ఆవిడ నోట్లు నా అరచేతిలో పెట్టి, తన చెయ్యి వెంటనే తీసెయ్యకుండా అలాగే ఉంచి అంది.

"ఎర్రనీరు వచ్చే లోపు అటో ఇటో తేలిపోవాలండి. ఆయన ఎల్లిపోతే వలతో పనిలేదు. ఎల్లకపోతే మాత్రం వల కావాలి. పులస రోజులు పోతే మాకు ఏడాది పోయినట్టేనండి."

గోదావరికి ఎర్రటి వరద నీరు దిగితే పులస ఎదురెక్కుతుంది. ఆ నెలా రెణ్ణెల్లే వాళ్ళకి పంట. ఆ సంగతి నాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

"వెళ్ళకపోవడం అనేది లేదమ్మా. అయినా డబ్బుకి నాదీ పూచీ" అన్నాను.

పరీక్షకి పది రోజులు ఉంది. ముసలి తాపీ మేస్త్రీ ఒకాయనకి రోజుకింతని మాట్లాడి షావుకారు గారి గోడౌను వెనక బడి పెట్టాను. ఇటుకలు నేను కొన్నాను. సిమెంటు కొనే స్తోమత లేక బురద. పొద్దున్న కట్టడం, సాయంత్రం పడగొట్టి ఇటుకలు కడిగి ఆరబెట్టడం. అయిదో రోజు షావుకారు గారు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశారు.

"ఏమయ్యా, కట్టిందాన్ని పడగొట్టడం ఎందుకు? పడమర సరిహద్దున కట్టించు. నేర్చుకోవడం ఎక్కడైనా నేర్చుకోవడమే కదా" అన్నారు.

సిమెంటు ఆయనే తెప్పించారు. మిగతా అయిదు రోజుల్లో ఆయన గోడౌనుకి ప్రహరీ లేచింది. గల్ఫ్ వ్యాపారంలో అందరికన్నా ముందు లాభపడింది ఆ గోడౌను.

పదకొండు మందిలో చక్కగా కట్టింది ఆ తక్కువ మాట్లాడే మనిషి. మేస్త్రీ అతని వరస మీద రసమట్టం పెట్టి ఏమీ అనకుండా ముందుకెళ్ళిపోయేవాడు. అందరికన్నా అధ్వాన్నం అతని బావమరిది. వాడి గోడ మూడు అడుగులు లేచేసరికి ఊళ్ళోకి చూస్తూ వంగేది. వాడికి ఎత్తులో నిలబడటం కూడా భయమే. బల్ల మీదకెక్కితే మోకాళ్ళు వణికేవి. పడవలో అలల మీద నిలబడే కుర్రాడు బల్ల మీద వణకడమేమిటని మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోలేదు. పదకొండుని నాలుగు వందలతో గుణిస్తున్నాను.

గోడతో పాటు ఇంకోటి కూడా నేర్పాను. ఎన్నేళ్ళ అనుభవం అంటే ఎనిమిదేళ్ళు అనాలి. రోజూ పొద్దున్నే వరసగా నిలబెట్టి చెప్పించేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళవాడు కూడా ఎనిమిదేళ్ళనే చెప్పాడు. పదకొండో ఏట మొదలెట్టాడనుకుంటారులే అని సర్దుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. బొంబాయి మనిషి సూటు వేసుకుని వస్తాడనుకున్నాను. వచ్చినాయన పంచె కట్టుకున్న అరవయ్యేళ్ళ పెద్దమనిషి. పాలమూరు నుంచి చిన్నప్పుడే బొంబాయి వెళ్ళి, మోతకూలీగా మొదలెట్టి పెద్ద మేస్త్రీ అయి, ఇప్పుడు ఏజెన్సీకి పరీక్షలు పెడుతున్నాడు. కాఫీ వద్దన్నాడు. తలా ఒక మూల చూపించి, నాలుగు అడుగుల గోడ కట్టమన్నాడు.

ఇటుకల వరస తిన్నగా రావడానికి అందరూ మేకులు కొట్టి దారాలు కట్టారు. ఆయన మొదటి మూల నుంచి నడుస్తూ వచ్చి మా తక్కువ మాట్లాడే మనిషి దగ్గర ఆగాడు. గోడ వైపు చూడలేదు. వంగి, మేకుకి కట్టిన దారం చూశాడు.

నాకు తెలియనిదీ, పది రోజులు చూసి కూడా మా ముసలి మేస్త్రీ చెప్పనిదీ ఏమిటంటే, తాపీ మేస్త్రీలు ఆ దారానికి ముడి వెయ్యరు. నాలుగు చుట్లు చుట్టి వదిలేస్తారు. వరస వరసకీ దాన్ని పైకి జరపాలి కదా. మా వాళ్ళు చిన్నప్పటి నుంచీ వలలు అల్లినవాళ్ళు. వేళ్ళకి దారం తగిలితే చాలు, వల ముడి పడిపోతుంది. లాగినకొద్దీ బిగుస్తుంది గానీ ఊడదు.

"గీ ముడి ఏడ నేర్చినవ్?" అన్నాడు పెద్దాయన.

"వల ముడండి. ఇంట్లోనే వచ్చేసిందండి."

"తాపీ పని ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్?"

నేను ఆయన వెనకాల నిలబడి ఎనిమిది వేళ్ళు చూపించాను. అతను నన్ను చూశాడు. చూసి, పెద్దాయనతో చెప్పాడు.

"పది రోజులండి. ఇవాల్టితో పదకొండు."

షావుకారు గారు పక్కనే ఉన్నారు. పెద్దాయన తల తిప్పి మిగతా పది మేకుల వైపూ చూశాడు. పదింటికీ అదే ముడి. ఇక మన పని అయిపోయిందనుకున్నాను. ఆయన జేబులోంచి చిన్న చాకు తీసి, వరసగా నడుచుకుంటూ వెళ్ళి, పది ముడులూ కోసి జేబులో వేసుకున్నాడు. తిరిగొచ్చి కాగితాల మీద పది మందికి టిక్కు పెట్టాడు. పదకొండో కాగితం నా చేతికిచ్చేశాడు.

నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. "గాయన అందరికన్న మంచిగ కట్టిండు. కాని చెప్పిండు గద. పది మంది విన్నంక నేనెట్ల రాయాలె? చెప్పనోళ్ళది నాకు తెల్వదు."

"మరి వాళ్ళని..." అని నీళ్ళు నమిలాను.

"నాక్కూడ తలకింత ఉంటది బిడ్డా" అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. టైము ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు.

ఒకరు తగ్గారు కాబట్టి రేటు తగ్గింది. నాలుగు వేల నాలుగు వందలు రావలసిన చోట మూడు వేలు. ఒక మనిషి నోరు జారినందుకు పధ్నాలుగు వందలు పోయాయి. ఆ రోజంతా అతని మీద కోపంతో ఉడికిపోయాను. నిజం చెప్పినందుకు ఒక మనిషి మీద నాకు అంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు. తర్వాత చాలాసార్లు వచ్చింది.

మర్నాడు అతని భార్య వచ్చింది. డబ్బు ఇప్పించమంది. షావుకారు గారిని అడిగాను.

"మన దాంట్లో తిరిగివ్వడం లేదయ్యా. తర్వాత బ్యాచిలో పెడతామని చెప్పు."

"పూచీ ఉన్నానండి."

"ఎవరు?"

"నేనేనండి."

"మరి నువ్వే ఇవ్వు" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

తర్వాత బ్యాచిలో పెడతామని చెప్పాను. ఎనిమిదేళ్ళని చెప్పడం మీ ఆయనకి నేర్పించమని కూడా చెప్పాను. ఆవిడ విని, "ఆయనకి రాదండి" అంది, ఈత రాదన్నట్టుగా. "డబ్బులు మీ చేతికిచ్చానండి. షావుకారు గారి మొహం నేను చూళ్ళేదు."

వారం రోజులు ముఖం చాటేశాను. తణుకు పంచదార ఫ్యాక్టరీ దగ్గర డ్రైవర్లు దొరుకుతారని పొద్దున్న బస్సుకి పోయి సాయంత్రం వచ్చేవాణ్ణి. డ్రైవర్లని వెతకలేదు. టీ కొట్లో కూర్చునేవాణ్ణి. ఈలోగా ఆవిడ రోజూ వచ్చి మా మేడ మెట్ల మీద కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఎందుకని గంప దించుకుని చేపలు అక్కడే అమ్మేది. అక్కడే తోమేది, అక్కడే కోసేది. పక్కనే బట్టల కొట్టు గుమ్మం.

షావుకారు గారి ఇంట్లో ఉల్లిపాయ కూడా తినరు. మూడో రోజుకి పెళ్ళి బట్టలకొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారట. నాలుగో రోజుకి ఆయన ముక్కుకి ఉత్తరీయం కట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారట. లేచి వెళ్ళమని అడగడానికి ఆవిడ అల్లరి చెయ్యడం లేదు. "ఆయ్, గుమాస్తా గారు రాగానే లేచిపోతానండి" అనేదట, చాలా మర్యాదగా. ఆరో రోజున నన్ను టీ కొట్లోంచి పిలిపించారు.

రెండు వేల ఎనిమిది వందలూ నా చేతిలో పెట్టారు. నాకు రావలసిన మూడు వేలలో అడ్వాన్సుగా. వడ్డీ కూడా రాసుకున్నారు. అప్పటికే ఇటుకలకీ మేస్త్రీకీ నావి మూడు వందల పైచిలుకు పోయాయి. అంటే ఆ పదకొండు మంది మేస్త్రీల వ్యవహారంలో నేను వంద రూపాయల పైగా ఎదురు పెట్టుకున్నాను. ఎంత సంపాదించవచ్చు అని అడిగే పిల్లలకి ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తుంటాను. నష్టం కథ కాబట్టి నేను మంచివాడిలాగే కనిపిస్తాను. ఆపిన చోటి నుంచి మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

డబ్బు ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని, గంప నెత్తికెత్తుకుని, మెట్లు కడిగించుకోమని చెప్పి వెళ్ళిపోయింది. వల విడిపించుకున్నారు. ఆ ఏడు ఎర్రనీరు బాగా దిగింది. వాళ్ళ వలకి పులసలు బాగానే పడ్డాయని మార్కెట్లో విన్నాను. నాకు నిజంగా సంతోషం వేసింది.

మిగతా పది మంది సంగతి కూడా ముందే చెప్పేస్తాను. అక్కడికెళ్ళిన వారంలోనే వీళ్ళు మేస్త్రీలు కారని కంపెనీ వాళ్ళకి తెలిసిపోయింది. తిప్పి పంపలేదు. సగం జీతానికి మోతకూలీలుగా పెట్టుకున్నారు. ఆవిడ తమ్ముడు నాలుగో నెలలో పరంజా మీద నుంచి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. అక్కడి ఆసుపత్రిలో ఉండి కర్రతో తిరిగొచ్చాడు. ఆ కాలు మళ్ళీ పడవలో నిలబడటానికి పనికిరాలేదు. పడింది నాలుగో నెల కాబట్టి నా కమీషన్‌కి ఇబ్బంది రాలేదు.

వాళ్ళు రైలెక్కిన రోజు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు రైలుకి చివరి స్టేషను. బండి బయల్దేరే ముందు చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. వాళ్ళని బొంబాయి దాకా చేర్చాల్సింది నేనే. పది మందీ కొత్త ప్యాంట్లు వేసుకొచ్చారు. ఇంటిల్లిపాదీ వచ్చారు. ఆవిడా వచ్చింది, తమ్ముణ్ణి సాగనంపడానికి. కుర్రాడు కిటికీ పక్కన కూర్చుని అప్పటికే ఇంకో ఊరివాడి మొహం పెట్టాడు.

ఆవిడ నన్ను కొంచెం దూరం పిలిచింది.

"మిమ్మల్నొకటి అడుగుతానండి, కోప్పడకండి. మా ఆయన ఎల్లుంటే మీకెంత వచ్చేదండి?"

నన్ను ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. పంపిన పాతిక ముప్పై మందిలో ఒక్కరు కూడా. చెప్పడానికి అబద్ధమేదీ సిద్ధంగా లేదు.

"నాలుగు వందలు."

"మా తమ్ముడికి?"

"మూడు వందలు."

"అదేంటండి, వాడికి తగ్గింది?"

"ఒకళ్ళు తగ్గారు కదమ్మా. తగ్గితే అందరికీ తగ్గుతుంది."

ఆవిడ తల ఊపింది. బేరాలు తెలిసిన మనిషి, లెక్క వెంటనే అర్థమైంది. రొండిన దోపుకున్న గుడ్డ సంచి తీసి, అటు తిరిగి లెక్కపెట్టి, ఇటు తిరిగి చెయ్యి చాపింది.

"వాడికి గోడ రాదండి. ఎత్తంటే వాడికి భయం. మా ఆయన చెప్పారు. మీకు కూడా తెలుసండి. ఇయిగోండి మూడొందలు. మీకు నట్టం రాకూడదు కదండి. వాణ్ణి దింపెయ్యండి. వాడు నా మాట ఇనడం లేదు, మీరు చెబితే దిగుతాడు. మా నాన్న కట్టిన డబ్బు మేం అడగం."

నేను ఆ నోట్లకేసి చూశాను. పులసల డబ్బు. మూడు వందలూ ఉన్నాయి. నాకు ఏ నష్టమూ లేదు. కానీ ఒకరు దిగితే మిగతా తొమ్మిది మంది కూడా ఆలోచించడం మొదలుపెడతారేమోనని భయపడ్డాను. షావుకారు గారి అడ్వాన్సు, దాని మీద వడ్డీ, బొంబాయి వాళ్ళకి చెప్పుకోవలసిన జవాబు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఇంజను కూత వేసింది.

"ఇప్పుడు కుదరదమ్మా. పాస్‌పోర్టు మీద వీసా పడిపోయింది. అది బొంబాయిలో ఉండిపోయింది. ఇక మన చేతుల్లో ఏమీ లేదు" అన్నాను.

ఆవిడ నమ్మింది. నోట్లు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. కిటికీ దగ్గరకెళ్ళి తమ్ముడి చొక్కా కాలరు సరిచేసి, "పైకెక్కమంటే ఎక్కకురా, కింద పని అడుగు" అని చెప్పింది. నేను బండెక్కాను. భుజానికి సంచి ఉంది. పది పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి.